మన జిల్లా నీళ్లు - ఆచార్యుల లెక్కలు

కోలారు పేరు చెప్పగానే దేశంలో అందరికీ బంగారం జ్ఞాపకం వస్తుంది. కాని తరతరాలుగా ఇక్కడ కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలకు తెలియని సంగతి కాదు, ఈ జిల్లాలో బంగారం కన్న ప్రియమైనది నీరు. బంగారం కోసం మన తాత తండ్రులు రెండు మైళ్ల లోతు వరకు దిగినారు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. బంగారం పోయినా ఊరు నిలిచినది. నీరు పోతే మాత్రం ఊరు నిలవదు.

ఈ నీటిని గురించి గత నలభై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయాల వారు, పరిశోధన సంస్థల వారు మన జిల్లాకు వస్తూ పోతూ ఉన్నారు. చెరువు కట్టమీద నిలబడి సీసాలలో నీరు పట్టుకొంటారు. బోరు యజమానిని పిలిచి ఎన్ని అడుగులకు నీరు పడినదని అడుగుతారు. మట్టి మూటగట్టుకొంటారు. రాగి చేను, టమాట తోట చూచి లెక్క వ్రాసుకొంటారు. ఆ పిమ్మట వారు బెంగుళూరు వెళ్లిపోతారు. వారు కనిపెట్టినదేమిటో, ఆ కనిపెట్టినదానిని ప్రభుత్వం వారు ఏమి చేసినారో మనకు సరిగా తెలియదు. తెలియవలసిన అవసరం మాత్రం అందరికంటె మనకే ఎక్కువ. ఆ నీరు తాగేది మన పిల్లలు గదా!

ఈ వ్యాసంలో అట్టి పరిశోధనలలో ముఖ్యమైనవి కొన్ని చదువరుల ముందు ఉంచుతున్నాము.

పరిశోధకులు మనకు కొత్త కాదు

బంగారు గనులకు శాస్త్రజ్ఞులు రావడం ఈనాటి మాట కాదు. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డరహాం విశ్వవిద్యాలయాల వారు కలిసి, వాతావరణంలో పుట్టి భూమిని దూసుకొనిపోయే న్యూట్రినో అనే అతిసూక్ష్మ కణాల జాడ పట్టినారు. ప్రపంచ శాస్త్ర చరిత్రలో మన ఊరి పేరు ఆ విధంగా నిలిచినది.

అంతకంటె మనకు దగ్గరి సంగతి మరొకటి కలదు. 1940వ దశకంలో గని వైద్యులు ఏడు వేల మందికి పైగా పనివారి ఊపిరితిత్తులు పరీక్షించి, నూటికి నలభై మందికి పైగా రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధి ఉన్నదని తేల్చినారు. అంతకు పూర్వం ఆ దగ్గును క్షయ అన్నవారున్నారు, తలరాత అన్నవారున్నారు. లెక్క తేలిన తరువాత తలరాత అనే మాటకు చోటు లేకపోయినది. ఏ వ్యాధికైనా కారణం ఫలానా అని రుజువైనప్పుడే నష్టపరిహారం అనే మాట పుడుతుంది, చట్టం పుడుతుంది. పరిశోధనకు, ప్రభుత్వ విధానానికి గల సంబంధం ఇదే. ఈ ఉదాహరణను మనసులో ఉంచుకొని తక్కిన విషయం చూద్దాము.

చెరువుల జిల్లా బోరుల జిల్లా అయిన తీరు

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని హిందూపురం, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు చేరుతుంది. దక్షిణ పినాకిని, పాలారు తమిళనాడు వైపు పోతాయి. పాలారు బేతమంగళం మీదుగా కుప్పం సీమను తాకి వెళుతుంది. బంగారు గనుల బస్తీకి మంచినీరిచ్చినది ఆ బేతమంగళం చెరువే. నదులన్నీ పుట్టేది ఇక్కడ, పారేది మరెక్కడో. పైగా 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య జరిగిన ఒడంబడిక ప్రకారం, పాలారు మొదలైన నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరువారు కొత్తగా జలాశయాలు కట్టరాదన్న నిబంధన వచ్చినది.

అందువలన ఈ సీమ బ్రతికినది చెరువుల మీదనే. ఒక చెరువు నిండి మరవ పోతే ఆ నీరు క్రింది చెరువుకు, అది నిండితే దాని క్రింది చెరువుకు పోయే గొలుసుకట్టు ఏర్పాటు మన పెద్దలు చేసినారు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంత నీరు పారించాలి అని చూడడానికి ప్రతి ఊరికి నీరుగంటి ఉండేవాడు. సంవత్సరానికి కురిసే ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వానను పట్టి ఉంచే ఉపాయం అది.

చెరువులో పూడిక చేరినది, కాలువలు ఆక్రమణ పాలైనవి, నీరుగంటి పని పోయినది. తెరచిన బావులు ఎండినవి. ఆ తరువాత బోరులు వచ్చినవి. మన నేల క్రింద ఉన్నది గట్టి రాయి. పై పొరలో కుళ్లిన రాతిలో కొంత నీరు నిలుస్తుంది. దాని క్రింద రాతి పగుళ్లలో ఎక్కడో కొంచెం దొరుకుతుంది. వానలో భూమి లోపలికి ఇంకేది చాల స్వల్పభాగం. చేర్చేది పిడికెడు, తీసేది దోసెడు అయినప్పుడు నిలువ ఎన్నాళ్లుంటుంది? నీటిమట్టం ఏటేటా దిగి, ఇప్పుడు వేయి అడుగులు, పదిహేను వందల అడుగులు పోయినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. కేంద్ర భూగర్భజల శాఖవారి లెక్కల్లో మన జిల్లా మితిమీరి తోడబడిన ప్రాంతాల జాబితాలో చేరినది.

ఫ్లోరైడు కథ - నెల్లూరు నుండి కోలారు వరకు

లోతు బోరు తెచ్చిన ఆపద కరువు ఒక్కటే కాదు. గట్టి రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఉంటుంది. నీరు ఆ రాతిలో ఎన్ని ఏళ్లు నిలిచితే అంత ఫ్లోరైడు కరుగుతుంది. కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైన నీటిలో మరింత కరుగుతుంది. పై బావి నీటిలో క్రిములుంటాయి, లోతు నీరు శుభ్రమని బోరు వేసుకొన్నాము. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయినది.

ఈ వ్యాధిని మన దేశంలో శాస్త్రీయంగా మొదట గుర్తించినది తెలుగుగడ్డమీదనే. 1937లో షార్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కలిసి నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజల ఎముకలు బిరుసెక్కి నడుములు వంగిపోవడానికి కారణం తాగేనీటిలోని ఫ్లోరైడేనని ప్రకటించినారు. ఆ తాలూకాలు తరువాత ప్రకాశం జిల్లాలో చేరినవి. తరువాత నల్లగొండ వంతు వచ్చినది. 1970వ దశకంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు ఫ్లోరైడు గ్రామాలలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని పరిశీలించి ప్రకటించినారు. అదే దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టినది. ఒక జిల్లా పేరు దాని బాధవల్ల ప్రపంచ పుస్తకాలలోకి ఎక్కినదంటే అది గర్వించదగిన కీర్తి కాదు, కాని మరువరాని పాఠం.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల ఉండడం మంచిదని, మరో దారి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చునని భారత ప్రమాణం చెబుతున్నది. అది మించితే మొదట పిల్లల పళ్లమీద సున్నపు మచ్చలు, తరువాత గోధుమరంగు చారలు కనబడతాయి. చాల ఏళ్లు తాగితే కీళ్లు పట్టుకొంటాయి. మన జిల్లా అనేక గ్రామాలలో ఈ మచ్చలు చూడడానికి పరిశోధకులే రానక్కరలేదు, బడికి వెళ్లి పిల్లలను నవ్వమంటే చాలును.

1937లో కారణం తెలిసినది. ఎనభై ఏళ్లు దాటినా వ్యాధి ఇంకా ఉన్నది. శాస్త్రం చెప్పడం ఒక ఎత్తు, సుభద్రమైన నీటిని ప్రతి ఇంటికి చేర్చడం మరొక ఎత్తు అని దీనివల్ల తెలుస్తున్నది.

నీలగిరి చెట్ల వివాదం

కోలారు జిల్లా పేరు పర్యావరణ పరిశోధనలో దేశమంతటా మారుమ్రోగినది నీలగిరి చెట్ల వల్ల. సామాజిక వనాలు పెంచాలన్న ప్రభుత్వ పథకం క్రింద, వంటచెరకు, పశుగ్రాసం గ్రామస్థులకు దొరకాలన్న సంకల్పంతో మొక్కలు పంచినారు. రైతులు చాలమంది రాగి పండే భూములలో నీలగిరి నాటినారు. కాపలా అక్కరలేదు, మేక ముట్టదు, కొన్ని ఏళ్లకు కాగితం, నార మిల్లులు కొంటాయి. పట్నంలో ఉద్యోగం చేసే భూస్వామికి ఇంతకంటె అనుకూలమైన పంట ఏముంటుంది?

1981లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు తరఫున వందనా శివ, శరశ్చంద్ర, జయంత బందోపాధ్యాయ కోలారు జిల్లాలో ఈ పథకపు సామాజిక, ఆర్థిక, పర్యావరణ ఫలితాలను పరిశీలించి ఒక నివేదిక ప్రచురించినారు. రాగి చేలు తగ్గుతున్నవని, కూలీలకు పని తగ్గుతున్నదని, పేదవానికి కట్టెలు దొరకాలన్న పథకం మిల్లులకు ముడిసరుకు సరఫరాగా మారుతున్నదని అందులో హెచ్చరించినారు. అటవీశాఖలోని వారు కొందరు ఈ విమర్శను అంగీకరించలేదు. పత్రికలలో, సభలలో ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగినవి. 1983లో తుముకూరు జిల్లాలో రైతులు నర్సరీలలోని నీలగిరి నారు పీకివేసినారు.

చెట్టు ఎంత నీరు తాగుతుందన్న ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పడానికి మరి కొంతకాలం పట్టినది. ఇంగ్లండుకు చెందిన ఇయాన్ కాల్డరు, కర్ణాటక అటవీశాఖవారు కలిసి మన పొరుగున హొసకోట సమీపంలోను, మరి కొన్ని చోట్లను పరిశీలనలు చేసి 1990వ దశకంలో ప్రకటించినారు. హొసకోటలో నీలగిరి వేళ్లు ఏటేటా లోతుకు దిగి, కురిసిన వాన కంటె ఎక్కువ నీటిని నేలలోనుండి పీల్చుకొన్నట్లు తేలినది. అనగా నేలలోని పాత నిలువనే ఆ చెట్టు తాగివేస్తున్నదన్నమాట. అన్ని నేలల్లోను ఒకే ఫలితం రాలేదన్న మాటకూడ వారు దాచలేదు. మంచి శాస్త్రానికి గుర్తు అదే.

కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించినది 2017లో. 1981 నివేదికకు, 2017 ఉత్తరువుకు మధ్య ముప్పది ఆరు సంవత్సరాలు గడచినవి. ఆ ముప్పది ఆరేళ్లలో మన బావులు ఎన్ని ఎండినవో పెద్దలను అడిగితే చెబుతారు.

పడమటి నీటి లెక్క

జిల్లాకు శాశ్వతంగా నీరు తేవాలని ఎందరో కోరినారు. రిటైరైన ఇంజనీరు జి. ఎస్. పరమశివయ్యగారు పడమటి కనుమలలో సముద్రంలోకి పోయే నీటిని తూర్పుకు మళ్లించవచ్చునని నివేదిక వ్రాసినారు. తరువాత వచ్చినది ఎత్తినహొళె పథకం. నేత్రావతికి ఉపనది అయిన వాగుల నుండి 24 టి.ఎం.సి. నీరు ఎత్తి కోలారు, చిక్కబళ్లాపురం మొదలగు జిల్లాలకు తేవాలని దాని సంకల్పం. టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. 2014లో శంకుస్థాపన జరిగినది.

మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూటు అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థలో టి. వి. రామచంద్రగారు, వారి సహచరులు ఆ వాగుల పరివాహక ప్రదేశం, వాన, అడవి, ఆవిరయ్యే నీరు అన్నీ లెక్కగట్టి, అక్కడ లభించే నీరు మొత్తం 9.55 టి.ఎం.సి. మాత్రమేనన్నారు. అందులోనూ దిగువ గ్రామాలకు, నదిలోని చేపలకు, అడవికి మొదట వాటా తీసి పెట్టాలన్నారు. పథకం ఇంజనీర్లు తమ లెక్కనే నిలబెట్టుకొన్నారు. పని సాగినది, ఖర్చు అనేక రెట్లు పెరిగినది. 2024 సెప్టెంబరులో సకలేశపురం సమీపంలో మొదటి దశను ప్రారంభించినారు. ఆ కాలువకు కొసన ఉన్న జిల్లాలలో మనది ఒకటి. కాలువ కొసకు నీరు చేరడం ఎంత కష్టమో మడి పండించినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇరవై నాలుగు నిజమా, తొమ్మిదిన్నర నిజమా? ఇది పండితుల పంతం కాదు. తొమ్మిదిన్నరే నిజమైతే మన పిల్లల తాగునీటికి వేరే దారి ఇప్పటినుండే వెదుక్కోవాలి. కొన్ని ఏళ్లపాటు ఆ వాగులలో ప్రవాహాన్ని కొలిచి, ఆ అంకెలు ప్రజల ముందుంచితే తీరే తగాదా ఇది.

బెంగుళూరు వాడిన నీరు

ఇక ఇప్పుడు మన ఇండ్లలో ఎక్కువగా చర్చకు వచ్చేది కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం. అందరూ కె.సి. వ్యాలీ అంటారు. బెంగుళూరు మహానగరం వాడి వదలిన మురుగునీటిని అక్కడి కేంద్రాలలో శుద్ధిచేసి, గొట్టాలద్వారా రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున మన జిల్లా చెరువులకు ఎత్తిపోయడం దీని ఉద్దేశం. మొదటి ఏర్పాటులో 126 చెరువులు చేరినవి. 1,300 కోట్ల రూపాయలకు పైగా ఖర్చు అయినది. ఈ నీరు తాగడానికి కాదు, చెరువునుండి నేరుగా పైరుకు తోడుకొనడానికీ కాదు. చెరువులో నిలిచి, మట్టిలో ఇంకి, భూగర్భజలాన్ని పెంచడానికి మాత్రమే.

2018 జూనులో నరసాపురం సమీపాన లక్ష్మీసాగర చెరువుకు మొదటి నీరు చేరినప్పుడు ప్రజలు పసుపు కుంకుమలతో ఎదురేగినారు. ఎన్నో ఏళ్ల తరువాత చెరువు నిండడం చూచినవారి సంతోషం మాటలతో చెప్పరానిది. కాని నెల తిరగకముందే ఆ నీటిమీద నురగ కనబడినది. బెల్లందూరు చెరువు నురగ వీధులలోకి ఎగిరిన సంగతి, 2015లోను, తరువాతను ఆ చెరువులో మంటలు లేచిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. భయం కలగడం సహజం. వ్యాజ్యం హైకోర్టుకు పోయినది. 2018 జూలైలో నీరు ఆగినది. ఆ తరువాత షరతులతో అనుమతి వచ్చినది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపినది, ఏప్రిల్‌లో ఆ నిలుపుదల ఎత్తివేసినది.

తగాదా అంతా శుద్ధి ఎన్ని మెట్లు అన్నదానిమీద. మొదటి మెట్టులో చెత్త వడగట్టి, బురద తేర్చుతారు. రెండవ మెట్టులో గాలి ఊది సూక్ష్మజీవులను పెంచి, వాటిచేత మలినాన్ని తినిపిస్తారు. మూడవ మెట్టులో ఇంకను మిగిలిన నత్రజని, భాస్వరం తీసి, సన్నని వడపోత పోసి, క్రిములను చంపుతారు. మనకు వచ్చేది రెండవ మెట్టు దాటిన నీరు. మూడవ మెట్టు కూడ కావాలని జిల్లా రైతు సంఘాలవారు అడుగుతున్నారు. చెరువు అడుగున మట్టి వడపోతగా పనిచేస్తుంది గనుక రెండు మెట్లు చాలునని పథకం వారి వాదన.

ఈ వాదాన్ని కొలిచి చూచే పని భారతీయ విజ్ఞాన సంస్థలోని ఒక కేంద్రం చేపట్టినది. ఆ కేంద్రానికి ఒక చరిత్ర కలదు. 1974లో ఆచార్య అమూల్య కుమార్ ఎన్. రెడ్డిగారు, శాస్త్రం పట్నానికే కాక పల్లెకు కూడ పనికిరావాలని, ఆ సంస్థలో ఆస్ట్రా అనే విభాగం స్థాపించినారు. పొగలేని పొయ్యి, పేడగ్యాసు, మట్టి ఇటుక వంటి వాటిమీద అక్కడ పని జరిగినది. రెడ్డిగారు ప్రయోగశాలతో ఆగక, దేశానికి విద్యుత్తు ఎంత కావాలి, ఎవరికి కావాలి అన్న విధాన విషయాలలోకి దిగి ప్రభుత్వాలతో వాదించినారు. ఆ విభాగమే తరువాత సుస్థిర సాంకేతిక కేంద్రం అయినది. అక్కడి లక్ష్మీనారాయణరావుగారు, చాణక్యగారు, వారి విద్యార్థులు మన జిల్లాలో చెరువులు, బావులు, నేలలు, పంటలు పరిశీలించి 2023లో అంతర్జాతీయ పత్రికలలో వ్యాసాలు ప్రకటించినారు. నిండిన చెరువుల సమీపంలో బావులలో నీటిమట్టం బాగా పెరిగినదని, ఎండిన బోరులు తిరిగి పనిచేస్తున్నవని, రైతుల ఆదాయం మెరుగైనదని వారి పరిశీలన.

ఇది శుభవార్తే. చెరువు క్రింద బోరు ఉన్న రైతు దీనిని కాదనడు. అయితే శాస్త్రజ్ఞుడు తాను కొలిచిన కాలానికి, కొలిచిన వస్తువులకు మాత్రమే జవాబు చెప్పగలడు. అయిదారేళ్ల నీటిమట్టం ఒక ప్రశ్న. ఇరవై ఏళ్లపాటు ఈ నీరు ఇంకిన నేలలో లోహాలు, మందుల అవశేషాలు ఏమైనా పేరుకొంటాయా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండవదానికి అంటగట్టరాదు. రెండవది తెలియలేదని మొదటిదానిని త్రోసివేయనూ రాదు. నగరంలో ఏదో ఒక రోజు శుద్ధికేంద్రం చెడిపోతే ఆ రోజు మన చెరువుకు వచ్చేదేమిటి? ఏడాదికి నాలుగుమార్లు పట్టిన సీసా ఆ ఒక్క రోజును పట్టుకోలేదు. అందుకే పరీక్ష నిత్యం జరగాలి.

గుట్టల మట్టి, చట్టం ఆలస్యం

బంగారు గనుల బస్తీలో ఉండేవారికి మరొక బాధ సైనైడు గుట్టలు. నూరేళ్లకు పైగా రాతిని పిండిచేసి, బంగారం తీసి, మిగిలిన మట్టిని పోసిన గుట్టలు పదమూడు. వాటిలో సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి ఉన్నదని అంచనా. సైనైడు ఎండకు గాలికి కాలక్రమాన చాలవరకు విరిగిపోతుంది. విరిగిపోనివి లోహాలు, సన్నని రాతిధూళి. గాలి మళ్లితే ఆ ధూళి ఇండ్లలోకి వస్తుంది. వాన పడితే గండ్లు పడి కాలువలలోకి, చేలలోకి దిగుతుంది.

గని మూసేటప్పుడు నేలను ఎట్లు బాగుచేయాలి, దానికి సొమ్ము ఎవరు పెట్టాలి అని ముందుగా పథకం దాఖలు చేయాలన్న నిబంధన మన దేశంలో వచ్చినది 2003లో. మన గనులు మూసినది 2001లో. రెండు సంవత్సరాల తేడాలో మన ఊరు ఆ నిబంధనకు అందకుండా పోయినది. 2024 జూనులో ఈ గుట్టలనుండి మిగిలిన బంగారం తీయడానికి కేంద్రం చేసిన ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం సమ్మతించినది. గుట్టలు కదిపితే ధూళి రేగుతుంది, నీరు కావాలి, మిగిలిన మట్టిని మళ్లీ ఎక్కడో పోయాలి. ఈ మూడింటికి జవాబు పని మొదలు కాకముందే వ్రాతమూలకంగా అడగవలసినది ఊరివారే. ఆనాటి వైద్యుల లెక్క లేకపోతే సిలికోసిస్ తలరాతగానే మిగిలేదన్న సంగతి మరువరాదు.

ఎవరి పని ఏది?

పై ఉదాహరణలన్నీ చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఎంత ఉన్నది, ఎందువల్ల వచ్చినది, ఇట్లు చేస్తే ఏమవుతుంది అని చెప్పడం పరిశోధకుని పని. ఏది చేయాలి, ఎవరికి ముందు, ఎవరి ఖర్చుతో అని నిర్ణయించడం ప్రభుత్వం పని. ఈ రెండింటి మధ్య నిలబడి, ఏది అడగాలో చెప్పవలసినది ప్రజలు. అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది. "నీరు పెరిగినదా?" అని మాత్రమే అడిగితే పెరిగినదన్న జవాబుతో పని ముగుస్తుంది. "మా పిల్లవాడు ఈ నీరు తాగవచ్చునా?" అన్న ప్రశ్న అమ్మలే అడగాలి.

ఆచార్యుల వ్యాసాలు ఇంగ్లీషులో, దూరదేశపు పత్రికలలో వస్తాయి. అది వారి వృత్తిధర్మం, తప్పుపట్టనక్కరలేదు. కాని ఏ ఊరి చెరువునుండి నీరు పట్టుకొనిపోయినారో, ఆ ఊరి పంచాయతీ గోడమీద ఆ ఫలితం కన్నడంలోను, తెలుగులోను వ్రాయించడానికి పెద్ద ఖర్చు కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాలలో ఎన్ని ఇండ్లలో తెలుగు మాటాడుతారో వేరే చెప్పాలా? కోలారు టమకలో ఇప్పుడు బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం నెలకొన్నది. మన పిల్లలే రసాయనం, భూగర్భశాస్త్రం చదివి సొంత ఊరి నీటిని తామే కొలిచే రోజు రావాలి. మోక్షగుండం నుండి వలస వచ్చిన వంశంలో, నాడు కోలారు జిల్లాలో చేరిన ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు నీటి లెక్కలతోనే లోకప్రసిద్ధులైనారు. ఆ విద్య మన నేలకు పరాయిది కాదు.

ఇంటిలో చేయదగినవి

పెద్ద పథకాలు తెమిలేదాకా ఇల్లాలు ఆగలేదు గనుక, పరిశోధనల సారంలో ఇంటికి పనికివచ్చేవి కొన్ని చెప్పుకొందాము.

బోరు నీటిని వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ప్రభుత్వ పరీక్షశాలలో పరీక్ష చేయించాలి. జలజీవన్ పథకం క్రింద గ్రామాలలో స్త్రీలకు పరీక్షపెట్టెలు ఇచ్చి శిక్షణ ఇచ్చే ఏర్పాటున్నది. మన అమ్మాయిలు ముందుకు రావాలి.

నీరు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది చిక్కబడుతుంది కూడ. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పళ్లు లోపల తయారవుతూ ఉంటాయి గనుక, ఇంటిలో మంచినీరు కొంచెమే ఉంటే అది మొదట వారికే పోయాలి.

వాననీటిలో ఫ్లోరైడు ఉండదు. మొదటి వానను వదలి, తరువాత వానలలో మిద్దె నీటిని గుడ్డతో వడగట్టి మూతగల తొట్టిలో పట్టుకొంటే, వంటకు తాగడానికి కొన్ని నెలలు వస్తుంది.

శుద్ధినీటి యంత్రం పెట్టుకొన్నవారు అది వదలే ఉప్పునీటిని పాత బోరులో పోయరాదు. గిన్నెలకు, నేల కడగడానికి వాడవచ్చును.

కె.సి. వ్యాలీ నీరు నిండిన చెరువులో తాగడానికి పట్టరాదు. పచ్చిగా తినే కూరలకు నేరుగా పెట్టరాదు.

ఆహారంలో కాల్షియం బాగా ఉన్నవారికి ఫ్లోరైడు బాధ కొంత తగ్గుతుందని వైద్యులంటారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. మన రాగి సంగటి, మన జిల్లా పాలు ఊరికే పేరుపడలేదు. పట్నపు తిండి మరిగి వాటిని మానవద్దు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని సామెత. మన జిల్లాలో నీటి పల్లం ఇంజనీర్లు ఎరుగుదురు. నిజాన్ని మాత్రం దేవునికే వదలివేయకుండా కొలిచి చెప్పేవారున్నారు. వారు ఈసారి సీసాలతో మీ ఊరి చెరువు కట్టమీదికి వచ్చినప్పుడు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టండి. పాత బావులు ఎన్నడు ఎండినవో, నీరుగంటి ఏ తూము ఎప్పుడు తీసేవాడో పెద్దలచేత చెప్పించండి, అది ఏ యంత్రానికీ దొరకని లెక్క. వెళ్లేటప్పుడు మాత్రం ఒక మాట అడగడం మరువవద్దు: "ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు?"